నీటికోడికి పురుడు పోసిన తవిటమ్మ

శ్రీకాకుళంలో బైపాస్ రోడ్డు దిగగానే ఒక పెద్ద బోర్డు ఉంటుంది. 'పట్టణ చిత్తడి నేలల సంరక్షణ వనం' అని రాసి ఉంటుంది దాని మీద. ఆ పేరు పూర్తిగా పలికినవాళ్లను నేనింతవరకూ చూడలేదు. ఊరందరికీ అది కొంగల పార్కు. ఆటో అతనికి కొంగల పార్కు అని చెబితేనే తీసుకెళతాడు, బోర్డు మీద పేరు చెబితే మనల్ని ఎగాదిగా చూస్తాడు. ఒకప్పుడది ఊరి మురుగంతా వచ్చి కలిసే గెడ్డ, అంటే వాగు. ముక్కు మూసుకోకుండా ఎవరూ దాని పక్కనుంచి వెళ్లేవాళ్లు కాదు. ఇప్పుడు చుట్టూ గట్టు పోసి, గట్టు మీద నడవడానికి బాట వేశారు. మధ్యలో తుంగ మొక్కల నడుమ నుంచి ఒక చెక్క వంతెన కట్టారు. గట్టు మీద నడిస్తే చాలా చుట్టు, వంతెన మీద నుంచి వెళితే దగ్గర దారి.

నేను రోజూ పొద్దున్నే అక్కడ నడుస్తాను. నాకు ఏడు రోడ్ల జంక్షన్ దగ్గర లేడీస్ టైలరింగ్ షాపు ఉంది. రోజంతా మిషను ముందు కూర్చునేదాన్ని కాబట్టి నడకంటే నాకు భక్తి. పార్కులో నాకు పడనివాళ్లు చాలామందే ఉన్నారు. ఫోనులో పాటలు పెట్టి గెడ్డంతా మోగించేవాళ్లు, పక్షి కనపడగానే దానికి వీపు తిప్పి సెల్ఫీ దిగేవాళ్లు, ఇలా చెప్పుకుంటూ పోతే నాకే ఆయాసం వస్తుంది. వీళ్లందరికంటే ఎక్కువ చిరాకు తెప్పించేవాళ్లు ఉన్నారు, నడవడానికని వచ్చి బెంచీ మీద కూర్చునేవాళ్లు. తవిటమ్మ ఆ రకం.

అరవైకి దగ్గర పడిన మనిషి. కళింగపట్నం వైపు సముద్రపు పల్లెలో పుట్టి, పెళ్లయినప్పటి నుంచీ శ్రీకాకుళం బజారులో చేపలు అమ్ముతోంది. ఇప్పుడు తెల్లవారకముందే రేవుకు వెళ్లే పని కొడుకూ కోడలూ చూసుకుంటున్నారు, ఆవిడ ఎండెక్కాక వచ్చి కొట్టు ముందు కూర్చుంటుంది. ఆవిడకు ముందు పుట్టిన పిల్లలు దక్కలేదట. అందుకని ఈవిడ పుట్టగానే తల్లి చేటలో పెట్టి, పక్కింటావిడకు గుప్పెడు తవుడుకు అమ్మేసి, మళ్లీ కొనుక్కుందట. అలా తవిటమ్మ అయింది. "తవుడికే అమ్మినారు గానీ, ఇప్పుడు నన్ను లేపాలంటే నలుగురు కావాల," అని తనే నవ్వుతుంది. నవ్వితే అవతలి గట్టు మీద కొంగలు లేచిపోతాయి. బజారులో పండిన గొంతు అది.

ఆవిడ గేటు దాటి, చెక్క వంతెన మీద సగం దూరం వచ్చి, అక్కడున్న బెంచీ మీద కూలబడేది. అంతే ఆవిడ నడక. నేను గట్టు చుట్టూ తిరిగి వంతెన మీదకు వచ్చేసరికి ఆవిడ డబ్బా విప్పుకుని ఇడ్లీ తింటూ ఉండేది. నాలుగు రోజులు ఊరుకున్నాను. ఐదో రోజు నోరు ఊరుకోలేదు.

"ఏటప్పా, డాక్టరు నిన్ను నడవమన్నాడా, కూకోమన్నాడా?" అన్నాను. మా వైపు అక్కను అప్ప అంటాం.

"నడిసి కూకోమన్నాడు," అంది ఇడ్లీ నములుతూ. "రా సెల్లీ, నువ్వూ ఒకటి తిను."

నేను తినలేదు గానీ కూర్చున్నాను. ఆ కూర్చోవడంలోనే ఆవిడ సంగతంతా తెలిసింది.

తవిటమ్మ కూతురు దేవిని చీపురుపల్లిలో ఇచ్చారు. పెళ్లయిన చాలా ఏళ్లకు ఇప్పుడు కడుపుతో ఉంది. మొదటి కాన్పు పుట్టింట్లో జరగాలి, అది తల్లి హక్కు. కానీ అక్కడి డాక్టరమ్మ దేవిని బస్సూ రైలూ ఎక్కవద్దంది, మంచం దిగడమే తగ్గించమంది. కాబట్టి కాన్పు చీపురుపల్లిలోనే, వియ్యపురాలి ఇంట్లోనే. నెలలు నిండగానే తవిటమ్మ అక్కడికి వెళ్లి ఉండాలి. అంతవరకూ బాగానే ఉంది. తవిటమ్మ బాధల్లా స్నానం గురించి. పసిబిడ్డకు నీళ్లు పోయాలంటే నేల మీద పీట వేసుకుని, రెండు కాళ్లూ బారచాపి, వాటి మీద బిడ్డను బోర్లా పడుకోబెట్టుకోవాలి. నూనె రాయాలి, నలుగు పెట్టాలి, ముక్కులోకీ నోట్లోకీ పోకుండా నీళ్లు పోయాలి. ఈవిడ మోకాళ్లు వంగడం లేదు. నేల మీద కూర్చుంటే లేవలేదు, అసలు కూర్చోవడమే కష్టం. ఒళ్లు తగ్గించి నడవకపోతే నేల మీద కూర్చోవడం మరిచిపోమ్మా అన్నాడట ఇక్కడి డాక్టరు.

"నా మోకాళ్లు వంగకపోతే మా ఇయ్యపురాలు సిన్నతల్లి కాళ్లు సాపుకుని సిద్ధంగా ఉన్నాది," అంది తవిటమ్మ. "నిన్న ఫోన్లో ఏటన్నాదో తెల్సా? 'నీకెందుకొదినా కష్టం, నువ్వు కుర్సీ ఏసుకుని సూస్తుండు, నాను పోసేస్తాను' అన్నాది. కుర్సీలో కూకుని సూడ్డానికి నాను సుట్టపుసూపుకి ఎల్తన్నానేటి?"

"ఎవరు పోస్తే ఏటప్పా, బిడ్డ శుభ్రంగా ఉంటే చాలదా?"

తవిటమ్మ డబ్బా మూత పెట్టేసింది.

"నా పిల్లలకి ఒక్కనాడూ నాను పొయ్యలేదు సెల్లీ," అంది. గొంతు తగ్గించి మాట్లాడడం ఆవిడకు వచ్చని అప్పుడే తెలిసింది నాకు. "పిల్ల లేసీసరికి నాను రేవులో ఉండీదాన్ని. సేపలు మనకోసం ఆగుతాయేటి? మా అత్తే పోసీది. నాను మిట్టమద్దాన్నం ఇంటికొచ్చీసరికి పిల్ల సాంబ్రాణి వాసనేసుకుని ముద్దుగా పడుకుని ఉండీది. ముట్టుకోబోతే మా అత్త అరిసీది, సేపల కంపు కడుక్కునిరా అని. కడుక్కుని వచ్చీసరికి పిల్ల మళ్లీ నిద్దర. అప్పుడు అత్త పోసింది, ఇప్పుడు ఇయ్యపురాలు పోస్తాది. మరి నానెప్పుడు పోస్తాను?"

నాకు జాలి వేసింది. జాలి వేస్తే నాకు కోపం కూడా వస్తుంది, అది నా గుణం. "అయితే ఇడ్లీల డబ్బా ఇంట్లో పెట్టి నడువు," అన్నాను. మర్నాడు డబ్బా తేలేదు, బజ్జీల పొట్లం తెచ్చింది.

ఇలా ఉండగా శ్రావణం మొదట్లో ఆవిడ కంట నీటికోడి పడింది. బెంచీకి ఎదురుగా, తుంగ మొక్కల మొదట్లో, ఆకులు మడిచి కట్టుకున్న గూడు. నల్లటి పక్షి, నుదుటి నుంచి ముక్కు దాకా ఎర్రగా ఉంటుంది, కొస మాత్రం పసుపు. గూట్లో కదలకుండా కూర్చుని మమ్మల్నే చూస్తోంది. కాస్త లేచినప్పుడు కింద గుడ్లు కనిపించాయి.

"ఓలమ్మా, బొట్టెట్టుకుని కూకున్నాది సూడు," అంది తవిటమ్మ. "ముత్తైదు. పురిట్లో ఉన్నాది."

ఆ రోజు నుంచి ఆవిడ బెంచీ మీద కూర్చోవడానికి ఒక పని దొరికింది. నీటికోడి తిన్నదా లేదా, మొగుడు పక్షి మేత వెతుకుతున్నాడా ఊరికే ఈదుతున్నాడా, ఇవన్నీ నాకు రోజూ చెప్పేది. అవతల నారాయణ పక్షి ఒకటి ఒంటికాలి మీద నీళ్లకేసి చూస్తూ నిలబడి ఉండేది. అది అచ్చం తన మొగుడిలాగే ఉందనేది. ఆయనా అంతేనట, వల బాగుచేస్తానని వెళ్లి సముద్రం వైపు చూస్తూ నిలబడతాడట. రెక్కలు చాపుకుని కూర్చున్న నీటికాకిని చూసి, తడిబట్టలు ఆరేసుకుంటోంది పాపం, వేరే జత లేదు కాబోలు అనేది. ఈ కబుర్లకు నేను నవ్వేదాన్ని, నవ్వి నా నడక చెడగొట్టుకునేదాన్ని.

ఒక పొద్దున్న నేను గట్టు తిరిగి వచ్చేసరికి వంతెన మీద ఉడికిన చేప వాసన వస్తోంది. తవిటమ్మ చేతిలో స్టీలు గిన్నె. అందులోంచి తెల్లటి ముక్కలు తీసి గూటి పక్కకు విసురుతోంది.

"ఏటప్పా అది?"

"పాలసొర. మావోడు నిన్న మంచిది తెచ్చినాడు. ఉప్పూ కారం ఏకుండా ఉడకబెట్టినాను, బాలింత కదా."

మా వైపు బాలింతకు పాలు పడాలంటే పాలసొర వండిపెడతారు. సముద్రపు పల్లెల్లో అయితే బిడ్డ పుట్టకముందే ఆ చేప ఎక్కడ దొరుకుతుందో కనుక్కుని ఉంచుకుంటారు. ఆ మర్యాదలో లోపమేమీ లేదు. కానీ ఇక్కడ బాలింత నీటికోడి.

"అప్పా," అన్నాను, "కోడికి పాలేటి?"

తవిటమ్మ చెయ్యి గాలిలో ఆగింది. ఆలోచించింది. "పాలు నేకపోతే పిల్లలకేటి పెడతాది మరి?"

"పురుగులు."

"ఛీ," అంది తవిటమ్మ. మిగిలిన ముక్కలు కూడా విసిరేసింది.

మేమిద్దరం నవ్వుకుంటూ ఉండగానే కాకులు వచ్చాయి. మొదట ఒకటి, తర్వాత గుంపు. పైన గద్ద ఒకటి తిరగడం మొదలుపెట్టింది. నీటికోడి గూట్లోంచి దిగి, మెడ చాపి, ఒక కాకి మీదకు ఉరికింది. అది అటు ఉరకగానే ఇంకో కాకి ఇటు నుంచి వచ్చి గూట్లో మూతి పెట్టింది. తవిటమ్మ బజారు గొంతుతో అరిచింది, నేను చెప్పు తీసి ఊపాను. కాకి గుడ్డు నోట కరుచుకుని ఎగిరిపోయింది. రాగిరంగు మచ్చల చిన్న గుడ్డు. మిగతావి మిగిలాయి. నీటికోడి తిరిగి వచ్చి వాటి మీద కూర్చుంది.

ఈల ఊదుకుంటూ గేటు దగ్గరి వాచరు ఈశ్వర్ పరుగెత్తుకొచ్చాడు. మంచి మనిషే, కానీ ఆ రోజు అతనికి కోపం రావడం న్యాయమే.

"పిన్నమ్మా, తిండి ఎయ్యొద్దని బోర్డు ఎట్టినాము కదా! నువ్వు ముక్కలేస్తే కాకులు రావేటి? ఇంకోసారి నీ సేతిలో గిన్నె కనబడితే గేటు దాటనివ్వను. సెప్పేస్తన్నాను."

బజారులో ఎవరి మాటా పడని మనిషి, వంతెన చెక్కల మీద చతికిలబడదామని చూసి, మోకాళ్లు ఒప్పుకోక, కమ్మీ పట్టుకుని నిలబడే ఏడ్చింది. "నా సేత్తో నానే కాకిని పిలిసినాను. పురిట్లో ఉన్నదాని గుడ్డు నానే కాకికిచ్చీసినాను సెల్లీ. నా కూతురు కడుపుతో ఉండగా నానెంత పని సేసినాను!" అంది.

అలాంటిదేమీ ఉండదని నేను ఎంత చెప్పినా ఆవిడ చెవికెక్కలేదు. అక్కడే నిలబడి దేవికి ఫోను చేసింది. "కడుపులో గుంట కదలతన్నాదేటే?" అని అడిగింది. గుంటంటే మా వైపు పిల్ల. అవతల దేవి నిద్రలోంచి లేచి, కదలడమేమిటి తంతోంది, పొద్దున్నే ఇదేం ప్రశ్న అని విసుక్కుంది. ఆ విసుగు వింటే తవిటమ్మ మొహంలో కాస్త రంగు వచ్చింది.

మర్నాడు నేను వెళ్లేసరికి వంతెనకు ఈ చివరా ఆ చివరా అడ్డంగా తాడు కట్టి, తాడుకు వేపమండలు వేలాడదీసి ఉన్నాయి. పురిటి ఇంటి గుమ్మానికి కట్టినట్టు. తాడు పక్కన తవిటమ్మ పోలీసులా నిలబడి ఉంది.

"ఏటిది?"

"పురుడు. ఎవులూ ఇటు తొక్కకూడదు."

"అప్పా, పురుడంటే పిల్ల పుట్టాక కదా?"

"గుడ్డెట్టీసింది కదా, పుట్టినట్టే. పైకి రావడవొక్కటే మిగిల్నాది."

అప్పటికే వెనక జనం పోగయ్యారు. అందరికంటే ముందు నరసింగరావుగారు. ఆర్టీసీలో చేసి రిటైరైన మనిషి, మా నడక సంఘానికి అధ్యక్షుడు, చేతికర్ర నేలకు ఆనించకుండా పట్టుకుని నడుస్తారు. ప్రభుత్వ వంతెనకు తాళ్లు కట్టడానికి ఈవిడెవరన్నారు, ఈ కాలంలో కూడా ఈ మూఢనమ్మకాలేమిటన్నారు. కర్రతో తాడు పైకెత్తి ఒక కాలు ముందుకు వేశారు కూడా.

"ఎల్లండి బాబూ, ఎల్లండి," అంది తవిటమ్మ ఎంతో మర్యాదగా. "పురిటి మైల తొక్కుకునే ఎల్లండి. రేపు ఆదివారం అరసవిల్లి ఎల్తారు కదా. సామికి మీరే సెప్పుకుందురు."

నరసింగరావుగారు కాలు గాలిలోనే ఆపారు. వాచీ చూసుకున్నారు. "ఎలాగూ ఈ రోజు గట్టు మీదే నడుద్దామనుకున్నాను," అని వెనక్కి తిరిగారు. ఆయన వెనక సంఘమంతా తిరిగింది.

ఆ వంతెన మీద 'నిశ్శబ్దం పాటించండి' అని నోటి మీద వేలు పెట్టుకున్న బొమ్మతో బోర్డు ఉంది. అది పెట్టినప్పటి నుంచీ దాని కిందే నిలబడి జనం ఫోన్లలో అరుచుకుంటున్నారు. రెండు వేపమండలు కట్టగానే ఎవరూ అటు తొంగి చూడలేదు. నాకు మైల గొడవలు పెద్దగా పట్టవు. నా నడకలో దగ్గర దారి పోయింది, షాపు తెరవడం రోజూ ఆలస్యమవుతోంది, కడుపు మండిపోతోంది. అయినా ఆ మండలను దాటడానికి నా కాలు రాలేదు. ఎందుకని మాత్రం నన్ను అడగవద్దు. ఈశ్వర్ తాడు విప్పేయడానికని వచ్చి, వంతెన ఖాళీగా ఉండడం చూసి, విప్పకుండా వెళ్లిపోయాడు. తర్వాత మండలు ఎండినప్పుడల్లా పచ్చివి తెచ్చి కట్టింది కూడా అతనే. పైవాళ్లు అడిగితే గాలికి వచ్చి పడ్డాయని చెబుతానన్నాడు.

ఇందులో తవిటమ్మకే ఒక చిక్కు వచ్చిపడింది. వంతెన మూసేసరికి ఆవిడ బెంచీ కూడా పురిట్లో పడిపోయింది. తను కట్టిన మండను తను దాటకూడదు కదా. పోనీ ఈ చివర నిలబడి కాపలా కాద్దామంటే, ఆ చివర ఎవరు దూరుతున్నారో అని ప్రాణం కొట్టుకునేది. ఆ చివరకు వెళ్లాలంటే గట్టు చుట్టూ నడవాల్సిందే.

మొదటి రోజు ఆవిడను ఆ చివరకు చేర్చేసరికి నా తల ప్రాణం తోకకు వచ్చింది. ప్రతి చెట్టు దగ్గరా ఆగింది. తాటిచెట్టు దగ్గర నన్ను తిట్టింది, తుమ్మచెట్టు దగ్గర డాక్టరును తిట్టింది. మలుపులో ఒక ఉడుము నాలుక ఆడిస్తూ దారి దాటింది. నేను కెవ్వుమన్నాను. ఆవిడ మాత్రం ఇది గుడ్లు తినే రకమని కనిపెట్టి, మోకాళ్ల సంగతి మరిచిపోయి, కొంగు దోపి దాని వెంటపడింది. ఉడుము పొదలోకి దూరాక గానీ మోకాళ్లు గుర్తురాలేదు. గుర్తొచ్చాక గట్టు మీద నిలబడి, ఓలమ్మో ఓలమ్మో అని ఒకటే మూలుగు.

రెండో రోజు రాదనుకున్నాను. నాకంటే ముందే వచ్చి గేటు దగ్గర నిలబడి ఉంది. వర్షం పడిన రోజు నేను మానేశాను, ఆవిడ గోనెసంచి కప్పుకుని వచ్చిందని ఈశ్వర్ చెప్పాడు. మొదట్లో ఆ చివరకు వెళ్లి, అక్కడ చాలాసేపు కూలబడి, ఆటోకు కబురంపమనేది. తర్వాత నెమ్మదిగా అదే దారిన తిరిగి రావడం మొదలుపెట్టింది. నత్తగుల్లలు ఏరుకు తినే కొంగలను చూస్తూ, అవి గుల్ల పగలగొట్టే తీరుకు వంకలు పెడుతూ నడిచేది. లకుముకి పిట్ట నీళ్లలోకి దూకి చేప పట్టినప్పుడల్లా, దాని చేప బజారులో ఎంత చిన్న రకమో చెప్పేది. మాట్లాడుతున్నంతసేపూ కాళ్లు నడుస్తూనే ఉండేవి. ఒక పొద్దున్న నా చెప్పు పట్టీ సరిచేసుకోవడానికి వంగి లేచేసరికి ఆవిడ నాకంటే చాలా ముందు ఉంది. వెనక్కి తిరిగి చూసి, "రా సెల్లీ, బేగి రా. కాళ్లు పట్టీసినాయేటి?" అంది. నాకు రోషం వచ్చింది. ఆ రోషం వెనక సంతోషం కూడా వచ్చింది, దాచుకోవడమెందుకు.

వినాయక చవితికి ముందు పిల్లలు పైకొచ్చాయి. నల్లటి దూది ఉండల్లాంటి పిల్లలు, బోడి తల మీద ఎర్రగా. తల్లి వెనకాల తామరాకుల మీద తడబడుతూ వెళుతుంటే, మేము గట్టు మీద నుంచి చూశాం. నరసింగరావుగారు కళ్లజోడు తుడుచుకుని మరీ చూశారు. తల్లి ముక్కుతో ఏదో పురుగు తీసి పిల్ల నోట్లో పెట్టింది.

"నిజంగానే పురుగులే," అంది తవిటమ్మ దిగులుగా. తర్వాత తనే, "పోన్లే, దాని వంట దానిది," అంది.

పురుడు లెక్క ప్రకారం రోజులు గడిచాక ఆవిడే వచ్చి, తాళ్లు విప్పి, వంతెన రెండు చివరలా పసుపు నీళ్లు చల్లింది. ఆ వారంలోనే చీపురుపల్లి నుంచి ఫోను వచ్చింది. దేవికి నెలలు నిండకుండానే నొప్పులు వచ్చాయి. తవిటమ్మ కట్టుకున్న చీరతో రైలెక్కింది. ఆవిడ స్టేషన్లో ఏడ్చిందో లేదో నాకు తెలియదు, పార్కులో ఆ రోజు నేను మాత్రం నడవలేక బెంచీ మీద కూర్చున్నాను.

కాన్పు మామూలుగానే అయింది. ఆడపిల్ల. తల్లీ బిడ్డా క్షేమం, కానీ బిడ్డ బరువు తక్కువ. ఆసుపత్రివాళ్లు కొన్నాళ్లు ఒళ్లు తుడవడమే గానీ స్నానం వద్దన్నారు. "పురిటి నీళ్లనాడు డాక్టరమ్మ పొయ్యమన్నాది. ఆనాటికి నువ్వు రావాల సెల్లీ," అని తవిటమ్మ ఫోను చేసింది. "మోకాళ్లు?" అని అడిగాను. "ఏమో, సూద్దాం," అంది. గొంతులో బజారు లేదు.

మెత్తబడిన పాత నూలు చీర కత్తిరించి చిన్న చిన్న జుబ్బాలు కుట్టుకుని, ఆ రోజు పొద్దున్నే చీపురుపల్లిలో దిగాను. వాళ్లింటి పెరట్లో అన్నీ సిద్ధంగా ఉన్నాయి. గంగాళంలో వేడినీళ్లు పొగలు కక్కుతున్నాయి. సున్నిపిండి, నూనె గిన్నె, నిప్పుల మీద సాంబ్రాణి. నేల మీద పీట. పీట పక్కన వియ్యపురాలు చిన్నతల్లి, చీర మోకాళ్ల దాకా ఎగదోపుకుని, సన్నటి మనిషి, ఇప్పుడే కూర్చుని ఇప్పుడే లేచేలా ఉంది. కాస్త దూరంగా ఒక ప్లాస్టిక్ కుర్చీ. అది ఎవరికోసం వేశారో అడగక్కర్లేదు.

"ఎందుకొచ్చిన కష్టవొదినా," అంది చిన్నతల్లి. చెడ్డగా అనలేదు, నిజంగానే అంది. "కూకుని లేవలేకపోతే అందరం కంగారు పడాల. గుంట సేతిలో ఉంటాది."

దేవి బిడ్డనెత్తుకుని గుమ్మంలో నిలబడి తల్లి వంక చూస్తోంది. అల్లుడు గొంతు సవరించుకున్నాడు.

తవిటమ్మ కుర్చీని పక్కకు జరిపింది. పీట ముందు నిలబడి, చీర సర్దుకుని, ఒక చెయ్యి నేలకు ఆనించి మెల్లగా కిందికి దిగింది. మోకాళ్లు టకటకమన్న చప్పుడు నాకూ వినపడింది. పళ్ల బిగువున దిగింది, నొప్పి లేదని నేను అబద్ధం చెప్పను. పీట మీద కూర్చుంది. ఒక కాలు చాపింది. రెండోది చాపింది. రెండూ దగ్గరగా చేర్చింది.

"గుంటనిలా ఇయ్యండి," అంది.

దేవి బిడ్డను తెచ్చి ఆ కాళ్ల మీద బోర్లా పడుకోబెట్టింది. చిన్నతల్లి చెంబు తీసుకుని గంగాళం దగ్గరకు వెళ్లింది. "నాను ముంచి ఇస్తాను, నువ్వు పొయ్యి," అంది. "సెయ్యెట్టి సూడొదినా, నీల్లకి ఏడి ఎక్కువైనాదేమో," అంది తవిటమ్మ. చేపల కత్తికి అలవాటైన ఆ మొరటు చేతులు బిడ్డ వీపు మీద ఎంత మెత్తగా తిరిగాయో చెబితే మీరు నమ్మరు. బిడ్డ మొదట గుక్కపట్టింది. నీళ్లు వీపు మీద పడుతున్నకొద్దీ ఏడుపు తగ్గి, చివరకు అలాగే కాళ్ల మీద కళ్లు మూసేసింది. తవిటమ్మ పైకి చూడలేదు. తుడిచి, పొగ పట్టి, నేను తెచ్చిన జుబ్బా తొడిగి, బిడ్డను చిన్నతల్లి చేతికిచ్చింది.

దేవి అదంతా కళ్లార్పకుండా చూస్తూ నిలబడింది.

"అమ్మా, నాకూ ఇలగే పోసీదానివా?" అంది.

తవిటమ్మ చేతులు ఒళ్లో పెట్టుకుంది. "నేదే," అంది. "మీ నాయినమ్మ పోసీది. నాను రేవులో ఉండీదాన్ని. నీకు ఒక్కనాడూ నాను పొయ్యలేదు."

అల్లుడు చల్లగా లోపలికి జారుకున్నాడు. దేవి జడ ముడి విప్పుకుంది. ఇంకో చిన్న పీట లాక్కుని, తల్లి ఎదురుగా, వీపు తల్లి వైపు తిప్పి కూర్చుంది.

"నాకూ ఈరోజే కదా పురిటి నీళ్లు," అంది. "అయితే నాకూ నువ్వే పొయ్యి."

తవిటమ్మ ఆ వీపు వంక చూస్తూ ఉండిపోయింది. చెంపల మీద కారుతున్నది తుడుచుకోలేదు. కాసేపటికి చిన్నతల్లి వైపు చెయ్యి చాపి, "నూనె గిన్నె ఇలా తియ్యొదినా," అంది. నడినెత్తిన నూనె పెట్టి, అరచేత్తో తట్టి, జుట్టంతా కుదుళ్ల దాకా రుద్దింది. పసుపూ సున్నిపిండీ కలిపి మెడకూ భుజాలకూ నలుగు పెట్టింది. తర్వాత చెంబెత్తి తల మీద నుంచి పోసింది.

"అమ్మా, కళ్లల్లోకి ఎల్లిపోయింది, మండతన్నాది!" అని అరిచింది దేవి.

"కళ్లు మూసుకోవే గుంటా," అని తవిటమ్మ కూతురి వీపు మీద ఒకటి చరిచి, మళ్లీ చెంబు ముంచమని చెయ్యి చాపింది.